లారీ చాటు ప్రయాణం: ఆదా ఎంత? ఆపద ఎంత?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాకు అది అలవాటైన పనే. అయితే ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో స్టీరింగు పట్టుకుని సంసారం ఈదుతున్నవారు చాలామంది ఉన్నారు. అందుచేత సైన్సు పుస్తకంలోని గాలి పాఠాన్నే ఇవాళ రోడ్డు మీదికి తెస్తున్నాము.

హైవే మీద పెద్ద లారీకి బాగా దగ్గరగా కారు తోలితే పెట్రోలు కలిసొస్తుందని మన డ్రైవరు తమ్ముళ్ళు చెప్తుంటారు. "లారీ వెనక పడితే బండి దానంతటదే తేలిపోతుంది సార్" అంటారు. ఇది వట్టి మాట కాదు. ముందు ఆ నిజాన్ని ఒప్పుకుందాం.

ఏ బండి అయినా గాలిని చీల్చుకొని పోవలసిందే. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. పెద్ద లారీ ముందు పోతూ ఆ గాలిని పక్కలకు తోసేస్తుంది. దాని వెనక ఒక చాటు ఏర్పడుతుంది. ఆ చాటులో నడిచే బండికి శ్రమ తక్కువ. సైకిలు పందేలవాళ్ళు ఒకరి వెనకొకరు అంటిపెట్టుకొని తొక్కేది ఇందుకే.

2007లో అమెరికాలో 'మిత్‌బస్టర్స్' అనే టెలివిజన్ కార్యక్రమంవారు దీనిని పరీక్షించి చూశారు. వేగం గంటకు 55 మైళ్ళు, అనగా సుమారు 88 కిలోమీటర్లు. లారీకి 100 అడుగుల వెనక మైలేజి 11 శాతం పెరిగింది. 10 అడుగులకు చేరేసరికి 39 శాతం. ఇంకా దగ్గరై 2 అడుగులకు పోతే 28 శాతానికి పడిపోయింది. అంత దగ్గరలో బండిని నిలపడానికి డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతూ వదులుతూ ఉండవలసి వచ్చింది మరి! ఇది చాలా ప్రమాదకరమని ఆ పరీక్ష చేసినవారే హెచ్చరించారు.

ఎందుకు ప్రమాదమో ఇప్పుడు రెండో లెక్క వేద్దాం. 88 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 24 మీటర్లకు పైమాటే. 10 అడుగులంటే 3 మీటర్లు. ఆ 3 మీటర్లు దాటడానికి పట్టేది సెకనులో ఎనిమిదో వంతు. ముందు లారీ బ్రేకు లైటు కంటబడి, మనసుకు తెలిసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఎంత చురుకైనవాడికైనా ఇంచుమించు ఒక సెకను కావాలి. ఇక బ్రేకు ఎంత మంచిదైతే ఏం లాభం?

"లారీ కంటే కారుకే బ్రేకు తొందరగా పడుతుంది కదా" అని కొందరు వాదిస్తారు. నిజమే, లారీ బ్రేకు వేస్తే ఆ మాట. అదే లారీ దేనికైనా గుద్దుకుని ఆగిపోతే? దారిలో దీపాలు లేకుండా నిలబెట్టిన బండిని చూసి చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటే? మన కళ్ళ ముందు గోడలాగా లారీ ఉంటే ఆ అవతల ఏముందో మనకేం తెలుస్తుంది? అంత దగ్గరగా ఉన్న మనం లారీ డ్రైవరుకు అద్దంలోనూ కనపడము. పైగా టైరు పేలి ముక్కలు ఎగరడం, రాళ్ళు జారిపడటం, వెనక్కి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఉండనే ఉన్నాయి. లారీ వెనక కింది భాగంలో అడ్డుకమ్మీ లేకపోయినా, వంగిపోయినా కారు ముందుభాగం దాని కిందికి దూరిపోతుంది. దెబ్బ ఇంజనుకు కాదు, మనిషి తలకు తగులుతుంది. మోటారు సైకిలు మీద పోయే కుర్రవాడికైతే ఆ ఇంజను అడ్డం కూడా లేదు.

ఐరోపాలో 2016లో లారీలను దగ్గర దగ్గరగా వరుసలో నడిపి రోటర్‌డామ్ దాకా తెచ్చారు. అక్కడ బండ్లు వైర్‌లెస్ ద్వారా కలిపి ఉంటాయి, ముందు బండి బ్రేకు వేయగానే వెనక బండికీ పడుతుంది. మన కాలికి అలాంటి తీగ లేదు గదా!

మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. ఆ ప్రమాదాలలో ఐదింట ఒకటికి పైగా వెనక నుంచి గుద్దినవే. ముందు బండి హఠాత్తుగా ఆగినా తగలనంత దూరంలో ఉండాలని చట్ట నిబంధన కూడా ఉంది.

ఇంతకూ ఆదా ఎంత? లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారులో 200 కిలోమీటర్లు పోతే 10 లీటర్లు. 100 అడుగుల వెనక తోలితే మిగిలేది ఇంచుమించు ఒక్క లీటరు. 80 కిలోమీటర్ల వేగంలో ఆ 100 అడుగులు కూడా చాలని దూరమే.

ఆదా వద్దని మేము అనడం లేదు. దుబారా మన దీన్‌లో తగదు. కానీ దానికి వేరే దారి ఉంది. 80కి బదులు 45–55 కిలోమీటర్ల వేగంలో తోలితే 40 శాతం దాకా అదనపు మైలేజి వస్తుందని పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం, అంటే పి.సి.ఆర్.ఏ., చెబుతోంది. చూశారా! లారీకి 10 అడుగుల దూరంలో ప్రాణం పణంగా పెట్టి సంపాదించే లాభం, వేగం తగ్గిస్తే ఊరికే వస్తోంది. 80 నుంచి 60కి తగ్గినా గాలి అడ్డు సగానికి దగ్గరగా తగ్గిపోతుంది. టైర్లలో గాలి సరిగా ఉంచుకోండి, ఎడమ పక్కన నిదానంగా పోండి.

దూరం ఎలా కొలవాలి? ముందు లారీ ఒక స్తంభాన్ని దాటగానే నిదానంగా మూడుసార్లు "సుబ్‌హానల్లాహ్" అనండి. మూడోసారి పూర్తయ్యాకనే మీరు ఆ స్తంభాన్ని చేరాలి. అది సుమారు మూడు సెకన్లు. వాన పడితే, పొగమంచు ఉంటే ఆరుసార్లు.

కార్ల యజమానులకు ఒక మనవి. డ్రైవరును మైలేజి అడిగినట్లే, క్షేమంగా వచ్చావా అని కూడా అడగండి. ఇంట్లో తల్లులకు ఒక మనవి. ఫోనులో "తొందరగా రా" అనకండి, "నిదానంగా రా" అనండి. ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. జాగ్రత్త వదిలేయడం తవక్కుల్ కాదు. సంపాదించే మనిషి పోయిన ఇంటికి మన సంఘం బియ్యం, పిల్లల ఫీజు ఇవ్వగలదేమో గాని, తండ్రిని ఇవ్వలేదు.

రోడ్డు మీద ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక, ఆమీన్.