మన పిల్లల చదువు, మన నూలు లెక్క

(షోలాపూర్ కార్మికుల ఆదివారం తరగతిలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఒక వారం దాకా మన యూనియన్ ఆఫీసు బెంచీ ఖాళీగా ఉండదు. ఒక చేతిలో మార్కుల కాగితం, ఇంకో చేతిలో పిల్లవాడి చెయ్యి. "ఏ లైన్‌లో వెయ్యమంటారు?" అని అడుగుతారు. మేము ఇన్నేళ్లూ ఒకే మాట చెబుతూ వచ్చాం: కంప్యూటర్ వస్తే కంప్యూటర్, లేకపోతే దేవుడిచ్చినది. ఎవరైనా "కెమికల్ సీటు వచ్చింది", "మెటీరియల్స్ సీటు వచ్చింది" అంటే ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టి ఓదార్చి పంపేవాళ్లం. ఆ ఓదార్పు మాటను ఈరోజు మీ అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక ఇంటి గొడవ చెప్పాలి.

మా కమిటీలోనే ఒక అన్న ఉన్నాడు. పేరు వద్దన్నాడు. నాలుగు మగ్గాల షెడ్డు, టవళ్ల కూలిపని. యజమాని నూలు తూచి ఇస్తాడు, ఈయన టవల్ నేసి తూచి అప్పజెబుతాడు. గంజి బరువు, వేస్టు బరువు తీసేసి లెక్క కడతారు. రెండేళ్లు వరుసగా లెక్క కుదరలేదు. నూటికి నాలుగున్నర కిలోల నూలు తక్కువ వచ్చింది. తరుగు కింద కూలిలో కోసేశారు. మొదటి ఏడు ఈయన మాట్లాడకుండా ఊరుకున్నాడు. రెండో ఏడు షెడ్డు ఊడ్చిన దుమ్ము కూడా జల్లెడ పట్టి తూచాడు. అయినా నూలు దొరకలేదు. షెడ్డు తాళం తమ్ముడి దగ్గర ఉంటుంది. అనుమానం ఎటు పోతుందో మీకు చెప్పాలా? అన్నదమ్ములు ఏడు నెలలు మాట్లాడుకోలేదు. ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

ఆ అన్న బిడ్డ కెమికల్ ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చి, రాత్రి పుస్తకం ముందేసుకుని లెక్కలు చేస్తోంది. ఉన్నట్టుండి తలెత్తి అడిగింది: "బాపూ, నూలు ఏ నెల్ల ఇచ్చిండ్రు? టవల్ ఏ నెల్ల అప్పజెప్పినవ్?"

నూలు ఆగస్టులో ఇచ్చారు. ఆర్డరు వెనక్కి పోయి పని ఆగింది. అప్పజెప్పింది మార్చి ఆఖర్లో. రెండేళ్లూ అంతే.

"అయితే కాకా ఏం తియ్యలే బాపూ. నీళ్లు పోయినయ్" అంది.

ఆ పిల్ల చేస్తున్న లెక్క పేరు మెటీరియల్ బ్యాలెన్స్. కెమికల్ ఇంజినీరింగ్‌లో రెండో ఏడు మొదట్లోనే చెప్పే పాఠం. లోపలికి వెళ్లినదంతా బయటికి రావాలి, లేదా లోపల మిగిలి ఉండాలి, మధ్యలో మాయం కాకూడదు అనేదే దాని సారం. మన ఇళ్లలో ఆడవాళ్లు బియ్యం డబ్బా దగ్గర రోజూ చేసే లెక్క ఇదే. కాకపోతే ఇంజినీర్లు ఒక కిటుకు నేర్పుతారు. తేమ పెరుగుతూ తరుగుతూ ఉండే సరుకును ఉన్న బరువుతో లెక్క కట్టకూడదు. నీరంతా తీసేసిన పూర్తి ఎండు బరువుతో కట్టాలి. ఎందుకంటే అది ఒక్కటే వానకూ ఎండకూ మారదు.

పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పత్తి పోగు అంతా సెల్యులోజ్, దానికి నీరంటే ప్రీతి. వ్యాపారంలో ఒప్పుకున్న లెక్క ప్రకారం 100 కిలోల పూర్తి ఎండు పత్తి మీద 8.5 కిలోల నీరు ఉండవచ్చు. దీన్ని రీగెయిన్ అంటారు. పాలిస్టర్‌కు ఇది 0.4 మాత్రమే. పాలిస్టర్ చొక్కా చెమటను ఎందుకు తాగదో ఇప్పుడు అర్థమైంది కదా. అయితే 8.5 అనేది ఒప్పందపు లెక్క. వానాకాలం గోదాములో పత్తి నూలు అంతకన్నా ఎక్కువ తాగుతుంది. మన రేకుల షెడ్డులో మార్చి ఎండకు చాలా వదిలేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. తూచి ఇచ్చిన 100 కిలోల నూలులో రీగెయిన్ 11 అనుకుందాం. 100ని 1.11తో భాగిస్తే పూర్తి ఎండు పత్తి 90 కిలోల చిల్లర. అప్పజెప్పిననాడు రీగెయిన్ 6 అనుకుందాం. ఆ 90 కిలోల చిల్లరను 1.06తో గుణిస్తే 95 కిలోల 500 గ్రాములు. ఒక్క పోగు పోలేదు, నాలుగున్నర కిలోలు పోయాయి. కోసింది సరిగ్గా అంతే!

మేము వెంటనే నమ్మలేదు. మన పిల్ల చెప్పిందని యజమాని దగ్గరికి పరుగెత్తి వెళితే నవ్వుతారు. ఆ పిల్ల కాలేజీ ల్యాబులో ఓవెన్ ఉంది. ఒక లడి నూలును ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి తీసుకుపోయి, తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు ఇక మారనంత వరకూ ఎండబెట్టి, మళ్లీ తూచింది. మూడు లడులకు మూడుసార్లు చేసింది. కాగితం మీద వేసిన లెక్కకూ కాటా చెప్పినదానికీ పెద్ద తేడా రాలేదు.

అప్పుడు వెళ్లాం. గుమాస్తా తెలివైనవాడు. "మాకు తెలియదా, ఎనిమిదిన్నర శాతం తేమ మేము ముందే తీసేస్తున్నాం" అన్నాడు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, శ్రద్ధగా వినండి. 8.5 అనేది ఎండు పత్తి మీద లెక్క. మొత్తం బరువు మీద చూస్తే అది 7.8 శాతమే అవుతుంది. మొత్తం బరువులోంచి 8.5 తీసేస్తే ప్రతి నూరు కిలోలకూ ఆరువందల గ్రాముల పైచిలుకు ఇంకా ఎక్కువ కోసినట్టే. ఆయన కావాలని చేశాడో, తెలియక చేశాడో మేము చెప్పలేం. పుస్తకంలో మాత్రం ఈ రెంటినీ కలిపెయ్యవద్దని మొదటి అధ్యాయంలోనే హెచ్చరిక ఉంది. ఆ పిల్ల ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. గుమాస్తా చాయ్ తెప్పించాడు.

పాత కోత తిరిగి రాలేదు, అది నిజం చెప్పాలి. కొత్త చిట్టీలో మాత్రం నూలు ఇచ్చిన తేదీ, ఆ రోజు తేమ రాయడానికి ఒప్పుకున్నారు. అన్నదమ్ముల సంగతి అడుగుతారేమో. ఆ రాత్రి తమ్ముడి గుమ్మం దగ్గరికి అన్న తానే వెళ్లాడు. ఏమన్నాడో మాకు తెలియదు, మేము అడగలేదు.

ఇంతకీ ఈ చదువు ఏమిటి? మా కమిటీ వాళ్లం ఆ పిల్లనూ, మెటీరియల్స్ చదివే ఇంకో ఇద్దరు పిల్లలనూ కూర్చోబెట్టి, వాళ్ల నాలుగేళ్ల పుస్తకాలు ఒక్కొక్కటే తెరిపించాం. సగం మాకు అర్థం కాలేదు. అర్థమైన సగంలో మన మిల్లు కనబడింది.

మొదటి ఏడు గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఇది అన్ని లైన్లకూ ఒకటే. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలివి లేక కాదు. అప్పటిదాకా మరాఠీలోనో తెలుగులోనో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం చేతికి రావడంతో. 2021–22 విద్యా సంవత్సరం నుంచి తెలుగు, మరాఠీతో సహా కొన్ని భాషల్లో ఇంజినీరింగ్ చెప్పడానికి ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతి ఇచ్చింది. అనుమతి ఇచ్చినంత మాత్రాన ప్రతి కాలేజీలో చెప్పరు. సీటు తీసుకునేముందు కాలేజీలోనే అడిగి తెలుసుకోండి.

రెండో ఏడు నుంచి అసలు పని. ద్రవాలు పైపుల్లో ఎలా పారుతాయి, వేడి ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎలా పోతుంది, తడి ఎలా ఆరుతుంది. సైజింగ్‌లో పనిచేసే సోదరులారా, ఈ చివరి పాఠం మీదే. తడి నూలు సిలిండర్ ఎక్కినప్పుడు మొదట ఆరే వేగం ఒకే తీరుగా ఉంటుంది, ఎందుకంటే పైపైన నీరు ఉంది. ఒక హద్దు దాటాక లోపలి నీరు బయటికి రావడానికి సమయం పడుతుంది. అక్కడి నుంచి వేగం తగ్గిపోతుంది. ఆ హద్దు దాటాక ఆవిరి ఎంత పెంచినా ఆరేది కొంచెం, మాడేది ఎక్కువ. మన పాత సైజర్లు బీము మీద చెయ్యి పెట్టి "చాలు" అనేది ఈ హద్దునే. వాళ్లకు దాని పేరు తెలియదు. పేరు తెలిసిన ఇంజినీరుకు చాలాసార్లు ఆ చెయ్యి లేదు.

ఇంకో లెక్క. ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చెయ్యడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చెయ్యాలంటే 2257 కావాలి, అంటే ఏడు రెట్ల పైన. అందుకే పిండే రోలరు సరిగ్గా ఉంటే బాయిలరుకు పని తగ్గుతుంది. అరిగిన రబ్బరు రోలరు మార్చమని మనం అడిగితే ఖర్చంటారు. ఈ లెక్క చూపించి అడిగి చూడండి.

మెటీరియల్స్ పిల్లలు చదివేది ఇంకో వైపు నుంచి. ఏ పదార్థం ఎంత లాగితే తెగుతుంది, ఎన్నిసార్లు లాగితే తెగుతుంది. ఈ రెండూ వేరు. జర్మనీలో అగస్ట్ వోలర్ అనే ఆయన 19వ శతాబ్దంలో రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి ప్రయోగం చేసి, ఒక్కసారి మోసే బరువులో సగం కూడా లేని బరువు లక్షలసార్లు పడితే ఉక్కు ఇరుసు విరుగుతుందని చూపించాడు. దీన్ని అలసట అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. ఇనుము కూడా అలసిపోతుందని పుస్తకంలో రాసుకున్నారు, మన సంగతి ఎప్పుడు రాస్తారో! వార్పు పోగు తెగేది కూడా ఎక్కువగా ఇలాగే. అచ్చులో, ఫణిలో వేలసార్లు లాగుడు పడి పడి తెగుతుంది. దారం తెగిన ప్రతిసారీ నేతగాడి తప్పు అనే సూపర్‌వైజరుకు ఈ పాఠం చెప్పాలి. పత్తి నూలు తడిస్తే బలం పెరుగుతుంది, విస్కోస్ తడిస్తే తగ్గుతుంది. ఒకే షెడ్డులో ఈ రెండూ ఒకే గాలిలో నడిపితే ఏమవుతుందో మీకు తెలిసిందే.

చాలామంది ఈ చదువు నూనె శుద్ధి కర్మాగారాల కోసమే అనుకుంటారు. పుస్తకాల్లో లెక్కలు చాలావరకు పెట్రోలు మీదే ఉంటాయి, అది మా ఫిర్యాదు కూడా. కానీ దీని పుట్టుక వేరు. 1887లో జార్జ్ డేవిస్ అనే ఆయన కెమికల్ ఇంజినీరింగ్ పేరుతో పన్నెండు ఉపన్యాసాలు ఇచ్చింది మాంచెస్టర్‌లో, అంటే బట్టల మిల్లుల ఊళ్లో. ఆయన అంతకుముందు సోడా కర్మాగారాల పొగను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. అదే 1887లో బొంబాయిలో విక్టోరియా జూబిలీ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, మిల్లులకు మనుషులు కావాలని. 1933లో మాటుంగా కెమికల్ టెక్నాలజీ విభాగం మొదలైనప్పుడు అందులో ఉన్న కోర్సులు రెండే, కెమికల్ ఇంజినీరింగ్, టెక్స్‌టైల్ కెమిస్ట్రీ. పాలిస్టర్‌ను 1941లో కనిపెట్టిన విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరూ పనిచేసింది ఇంగ్లండులో బట్టల అద్దకం కంపెనీ ల్యాబులోనే.

అద్దకం అంటే గుర్తొచ్చింది, డైహౌస్ సోదరులకు రెండు మాటలు. రియాక్టివ్ రంగులు పత్తితో కలిసినట్టే నీటితో కూడా కలుస్తాయి. నీటితో కలిసిన రంగు ఇక పత్తికి పట్టదు, కడిగినప్పుడు మోరీలోకి పోతుంది. రంగు ఎంత వేశారో అంతా బట్ట మీద కనబడలేదని దొంగతనం అంటగడితే ఈ సంగతి చెప్పండి. రెండోది ప్రాణాల సంగతి. హైడ్రోస్ డ్రమ్ములో తడి చెంబు ముంచకండి. కొద్దిపాటి నీరు తగిలితే అది తనంతట తాను వేడెక్కి మండుతుంది, గొంతు పట్టేసే గంధకం పొగ వస్తుంది. పాలిస్టర్ రంగు వేసే ప్రెషర్ మిషను లోపల నీరు 130 డిగ్రీల దగ్గర ఉంటుంది. పీడనం కాపాడుతున్నంతసేపే అది నీరు. చల్లారకముందు మూత తీస్తే ఒక్కసారిగా ఆవిరై మీద పడుతుంది. 1984 డిసెంబరు భోపాల్ దుర్ఘటనను ఈ పిల్లలు పాఠంగా చదువుతున్నారు. ట్యాంకులోకి నీరు చేరడం, కాపాడవలసిన ఏర్పాట్లు పనిచెయ్యకపోవడం గురించి పరీక్షలో రాస్తారు. మన డైహౌస్‌లో అలాంటి పరీక్ష ఎవరూ పెట్టరు.

డిప్లొమా చేసిన పిల్లలకు ఇంజినీరింగ్ రెండో ఏడులో నేరుగా చేరే దారి ఉంది. ఇంటి ఖర్చు భరించలేనివాళ్లకు ఇది మంచి దారి. ఉద్యోగాలు ఊళ్లోనే దొరుకుతాయని మేము మాట ఇవ్వలేం. చాలామంది పుణే, గుజరాత్ వైపు పోవలసి వస్తుంది. ఆడపిల్లను ఫ్యాక్టరీ చదువుకు పంపాలా అని అడిగే సోదరులకు ఆ అన్న ఇంటి అడ్రసు ఇస్తాం, వెళ్లి అడగండి.

వచ్చే ఆదివారం ఇదే హాలులో ఆ పిల్ల వస్తుంది. కమిటీ రెండు థర్మామీటర్లు కొన్నది. ఒకదానికి తడి గుడ్డ చుట్టి, రెండింటి తేడా చూసి గాలిలో తేమ ఎలా చదవాలో చూపిస్తుంది. కూలిపని చేసేవాళ్లు గత ఏడాది చిట్టీలు తీసుకురండి. నూలు తెచ్చేవాళ్లు గోదాములోనే ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టి, తేదీ రాసి తీసుకురండి. జేబులో పెట్టుకుని తెస్తే లెక్క తప్పుతుంది.