చేతిలో డబ్బు లేనప్పుడు బుర్రలో ఏం జరుగుతుంది?

స్క్రీన్ మీద 5 5 5 అని ఉంది చూడండి. ఎన్ని అంకెలున్నాయి? టక్కున చెప్పండి. చాలామంది నోట్లోంచి "ఐదు" వచ్చేస్తుంది. ఉన్నవి మూడే. కళ్లకి కనిపించేదాన్ని ఆపి, అడిగినదాని మీదే ధ్యాస పెట్టగలమా అని చూసే టెస్ట్ ఇది. పేరు స్ట్రూప్.

దీన్ని తమిళనాడులో 464 మంది చెరకు రైతులకి పెట్టారు. ఆనంది మణి, సెంధిల్ ములైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి చేసిన పని, 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చెరకు డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది కదా. కోతకు ముందు 78 శాతం మంది ఏదో ఒకటి తాకట్టు పెట్టి ఉన్నారు. కోత తర్వాత? 4 శాతం.

అందరికీ రెండుసార్లు టెస్ట్ పెట్టారు, డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. రాకముందు టైమ్ ఎక్కువ పట్టింది, తప్పులూ ఎక్కువే. ఖాళీలో ఏ బొమ్మ సరిపోతుందో చెప్పే పజిళ్లలో ముందు సగటున నాలుగు చిల్లర, తర్వాత ఐదున్నర దాకా వచ్చాయి. అదే మనిషి, అదే చదువు!

సీజన్ మారింది కాబట్టేమో అంటారా? నాకూ అదే డౌట్ వచ్చింది. కానీ మిల్లు అందరి చెరకూ ఒకేసారి ఆడలేదు, అందుకే కోత తేదీలు నెలల తేడాతో పడతాయి. ఒకే టైమ్‌లో ఒకాయనకి డబ్బు వచ్చేసుంటుంది, పక్కాయన ఇంకా ఎదురుచూస్తుంటాడు.

ఒడిశాలో ఆకు విస్తళ్లు కుట్టే కూలీల మీదా ఇలాంటి ప్రయోగం జరిగింది. కొందరికి కూలి డబ్బు ముందే ఇచ్చేశారు. వాళ్లు ఎక్కువ విస్తళ్లు కుట్టారు, తప్పులూ తగ్గాయి.

అన్ని చోట్లా ఇలాగే తేలిందా అంటే, లేదు. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లని జీతం ముందూ తర్వాతా పోల్చిన 2016 పరిశోధనలో ఇలాంటి టెస్టుల్లో తేడా కనిపించలేదు. నాకనిపించేది, నెలనెలా వచ్చే జీతానికి నాలుగు రోజుల ముందు ఉండే టెన్షన్, ఏడాదంతా అప్పుతో మోసే టెన్షన్ ఒకటి కావు.

అందుకే పంట బీమా ఫామ్ తప్పుగా నింపిన రైతుని "చదువు లేదు, శ్రద్ధ లేదు" అనేస్తే నాకు చిరాకు. ఆ ఫామ్ ఏ నెలలో ఇచ్చారు? అప్పటికి ఆయన చేతిలో ఎంతుంది? ముందు అది అడగాలి. ఇంట్లో నాన్న ఈఎంఐ తేదీ మర్చిపోయినా అంతే. అరవకండి, ఆయన ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టండి, పది సెకన్ల పని.

నిద్ర సంగతి నెక్స్ట్ ఎపిసోడ్‌లో. చెన్నైలో పేదవాళ్లు ఎనిమిది గంటలు పడుకుని ఐదున్నర గంటలే ఎందుకు నిద్రపోతున్నారో చూద్దాం.