మాటల హోరు, మాటపై నిలకడ

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! భారత్, పాకిస్తాన్ నేతలు పరస్పరం పలికే పరుష వాక్యాలను మనం తరచూ వింటున్నాం. ఆ హోరులో మనం గమనించని కార్యం ఒకటుంది. అణు కేంద్రాలపై దాడి చేయబోమని 1988లో ఇరు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం 1992 నుండి ఏటా జనవరి 1న వాటి జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1999లో కార్గిల్‌లో రక్తం పారింది. మరుసటి జనవరిలోనూ జాబితాలు అందాయి!

కోపంలో మాట నిలుపుకోవడం సులభం కాదు. హిజ్రీ 6వ ఏట హుదైబియాలో సంధిపత్రం వ్రాస్తుండగానే, ఖురైష్ దూత సుహైల్ కుమారుడు అబూ జందల్ సంకెళ్లతో వచ్చి శరణు కోరారు. మక్కా నుండి వచ్చినవారిని తిప్పి పంపాలన్నది షరతు. పత్రం ఇంకా పూర్తి కానేలేదు. అయినా దైవప్రవక్త (స) ఓర్పు వహించమని చెప్పి ఆయనను తిప్పి పంపారు. సహచరుల హృదయాలు రగిలిపోయాయి.

2008 ఒప్పందం మేరకు ఖైదీల జాబితాలు కూడా ఏటా రెండుమార్లు చేతులు మారుతున్నాయి. గుజరాత్ పడవలపై కూలికి వెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర జాలరులలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఈ మధ్యకాలంలో పుల్వామా, బాలాకోట్ జరిగాయి. నేతల గర్జనలు ఆ జాలరుల ఇండ్లలో పొయ్యి వెలిగించలేదు కదా!

ఇరు దేశాల చెరసాలల్లో నేటికీ మగ్గుతున్న జాలరులందరి విడుదల కొరకు దుఆ చేద్దాం.