అతుకునకు పైన, అతుకునకు క్రింద



స్వామికి నివేదించు ఫలమును చేతబట్టినప్పుడు దాని వెనుక ఒక చెట్టు ఉన్నదని తలంతుము. పెక్కు ఫలముల వెనుక నిజమునకు రెండు చెట్లు కలవు. ఒకటి పైనుండి కాయును. రెండవది క్రిందనుండి మోయును. ఈ రెండింటిని ఒక్కటిగా నిలుపు విద్యనే మన రైతులు అంటుకట్టుట అందురు. నేటి ప్రసంగమునకు ఈ అంటుచెట్టునే విషయముగా గ్రహించుచున్నాము.

ఇది ప్రాచీనమైన విద్య. క్రీ.శ. 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము కేటాయించి, ఒక చెట్టు కొమ్మను మరొకదాని వేరుపైగాని కాండముపైగాని నాటు విధమును తెలిపియున్నాడు. దాని అవసరమేమి? బంగినపల్లి టెంకను పాతినచో మొలచునది బంగినపల్లి కాజాలదు. అందుచేత నాటు టెంకను మొలిపించి, ఆ మొక్కపై బంగినపల్లి కొమ్మను అతుకుదురు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ మామిడి తరతరములుగా తన రుచిని నిలుపుకొనుటకు ఈ అతుకే ఆధారము. క్రింది మొక్కను వేరుమూలమనియు, పైదానిని అంటుకొమ్మయనియు పిలుచుకొందము.

అతుకు చోట రెండింటి బెరడు క్రిందనుండు లేత పొరలు కలిసికొని, నీటిని, ఆహారమును మోయు నాళములు ఏకమగును. అయినను వాని జాతి గుణములు కలియవు. ఇరువది ఏండ్లు గడచినను అతుకునకు పైన పుట్టిన చిగురు అంటుకొమ్మదే. క్రింద పుట్టిన చిగురు వేరుమూలముదే. 

ఇక్కడనే గృహస్థులు మోసపోవుదురు. మొదటినుండి నిటారుగా ఒక పిలక లేచును. అది నున్నగా, నిగనిగలాడుచు, అంటుకొమ్మకంటె వేగముగా పెరుగును. చెట్టు చక్కగా ఎదుగుచున్నదని సంతోషించి మరి రెండు బిందెల నీరు పోయుదుము. పిలక వేరునకు దగ్గరనున్నది గనుక వేరు త్రాగిన నీరు ముందుగా దానికే అందును. పైనున్న అంటుకొమ్మ నానాటికి కృశించి, తుదకు ఎండిపోవును. కొన్ని ఏండ్లకు చెట్టు కాయును. కాని ఆ కాయ పీచుతో, పులుపుతో ఉండగా, మొక్క నిచ్చినవారిని నిందింతుము. వారిచ్చిన కొమ్మ మన పెరటిలోనే, మన కన్నుల ఎదుటనే ఆకలితో పోయినదని ఎరుగము.

కనుక గుర్తించుట ఎట్లో వినుడు. మొట్టమొదట అతుకును వెదకవలెను. చిన్న మొక్కలో అది సాధారణముగా నేలకు జానెడు ఎత్తున, ఒక చిన్న వంపుగానో, బొడిపెగానో, ఏటవాలు మచ్చగానో కనబడును. పెద్ద చెట్టులో అతుకునకు పైన బెరడు ఒక తీరుగను, క్రింద మరియొక తీరుగను ఉండుట కలదు. అతుకుపై మన్ను ఎగద్రోసినచో ఈ గుర్తు మరుగుపడును. అందుచేత దానినెన్నడును పూడ్చరాదు. 

పిదప పిలక పుట్టినచోటును చూడవలెను. అది నేలలోనుండి వచ్చినట్లున్నచో మన్ను మెల్లగా తొలగించి, మొదలంట పరిశీలింపవలెను.

మూడవది ఆకు. కోస్తా తోటలలో సపోటాను పాలచెట్టు మొక్కపై అంటుకట్టుదురు. సపోటా ఆకు కొనవైపు సన్నగిల్లును. పాల ఆకు కొన గుండ్రనై నడుమ చిన్న నొక్కు కలిగియుండును. వీనిని బాలురైనను పోల్చగలరు. అనంతపురము, నల్లగొండ ప్రాంతములలో బత్తాయిని జంబేరిపైగాని రంగపూరు నిమ్మపైగాని కన్ను అంటు కట్టుదురు. జంబేరి లేతచిగురున ఊదా ఛాయ కనబడును. దాని ఆకును నలిపినచో నిమ్మవాసన వచ్చును. బత్తాయి చిగురు లేతపచ్చగా ఉండును.

అయితే ముండ్లను మాత్రము నమ్మరాదు. వేరుమూలపు పిలకకు ముండ్లుండును, నిజమే; కాని అతుకునకు పైన బలముగా లేచిన బత్తాయి నీటికొమ్మకును ముండ్లుండును. ముండ్లను చూచి తొందరపడినవాడు తన చెట్టునే నరికికొనును. మామిడిలో పైనున్నది మామిడి, క్రిందనున్నదియు మామిడియే గనుక ఆకులు కన్నులను మోసగించును. అచ్చట పుట్టుకచోటు ఒక్కటే సాక్ష్యము.

క్రిందిదని తేలిన పిలకను లేతగా నున్నప్పుడే వ్రేళ్లతో మొదలంట పెరికివేయవలెను. మోడు మిగులునట్లు కోసినచో ఒకటి పోయి నాలుగు లేచును. 

భక్తులారా! మన బ్రతుకును ఇట్టి అంటుచెట్టే. పుట్టుకతో వచ్చిన వాసనలు వేరుమూలము. పెద్దలు, గురువులు కట్టిన సంస్కారము అంటుకొమ్మ. వేరుమూలమును ద్వేషింపనక్కరలేదు. అది లేనిదే అంటుకొమ్మకు నిలువ నీడలేదు, త్రాగ నీరులేదు. దాని పని మోయుట. దానిని కొమ్మవేయనిచ్చుటయే ప్రమాదము. దానము చేయుదుము, పదిమందికి సేవ చేయుదుము. ఆ కార్యము ఎంత వేగముగా పెరుగుచున్నదో చూచి మురియుటకు ముందు, అది ఎచ్చట పుట్టినదో చూచుకొనవలెను. దయనుండి పుట్టినదా? పేరుమీది ఆశనుండి పుట్టినదా? రెండింటి ఆకులును పచ్చగానే ఉండును. ఒక మంచిపనిలో కొంత కరకుదనము కనబడినంతనే దానిని త్రుంచుటయు తగదు. పిల్లవానిని దండించు తండ్రి మాటకును ముల్లుండును. పుట్టుకచోటును విచారించుటయే వివేకము.

పై కొమ్మ ఎండిపోయినదని తోచినవారికి ఒక్కమాట. గొడ్డలి పట్టుటకు ముందు అతుకునకు పైన గోటితో బెరడును గీచి చూడుడు. లోపల పచ్చదనమున్నచో వేచియుండుడు; అచ్చట ఒక్క కన్ను మేల్కొన్నను చెట్టు మనదే. పచ్చదనము లేకున్నను వేరు బ్రతికియున్నచో, బలమైన పిలక నొక్కదానిని ఉంచి, దానిపై మంచికొమ్మను తిరిగి అంటుకట్టవచ్చును. మామిడితోటలలో రైతులు చేయుచున్నదే ఇది. నిన్నటివరకు శత్రువైన పిలకయే నేడు మరల మోయుటకు సిద్ధపడును.

మీ పెరటిలో అంటుచెట్టున్నచో ఒకమారు వంగి దాని మొదలును చూడుడు. వంగినవానికే అతుకు కనబడును.

స్వస్తి.