చెరువు అడుగున వ్రాసియున్న పద్దులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను లెక్కలు వ్రాసి తల నెరసినవాడనే గాని రసాయనశాస్త్రము చదివినవాడను కాను. ఈ వేసవిని మన చెరువు పూడిక తీసి, ఆ మట్టిని పొలములకు తోలవలెనని పెద్దలు తలచుచున్నారు గనుక ఈ నాలుగు మాటలు చెప్ప సాహసించితిని.

భాగవతమున కాళియుని మడుగు దూరమునుండియే భయపెట్టినది. నీరు సలసల క్రాగెను. పైనెగురు పక్షులు కూలెను. పైరుమందుల విషము అట్టిది కాదు. నీరు తేటగానే యుండును. డి.డి.టి., ఎండోసల్ఫాన్ వంటివి నీట కరగుట అత్యల్పము. మట్టిరేణువుల నంటుకొని అడుగునకు దిగును. నీరు రోజువారీ చిట్టా, బురద పాత ఆవర్జా. నేటి చిట్టాలో బాకీ కనబడనంత మాత్రమున పాతబాకీ తీరినదనుట ఏమి లెక్క? నీట కరగు మోనోక్రోటోఫాస్ వంటివాని సంగతి వేరు. వానికి నీటి పరీక్షయే ముఖ్యము.

ఆ నీరు పట్టుటలోనే నేను పొరబడితిని. నూనె ప్లాస్టిక్ సీసా కడిగి, చెరువునీరు నింపి, రెండు దినములు ఎండ తగులనిచ్చి పరీక్షాశాలకు గొనిపోతిని. వారు మూతయైన విప్పలేదు. ఈ మందులు ప్లాస్టిక్ గోడల నంటుకొనునట; జిడ్డు పరీక్షను చెరచునట. ద్రావకముతో కడిగిన ముదురురంగు గాజుసీసా కావలెను. మంచులో నుంచి, 7 దినములలోపల నీటినుండి మందును వేరుచేయవలెను.

బురదను నీడ నారబెట్టి, జల్లించి, సాక్స్‌లెట్ అను గాజుపరికరమున నుంతురు. క్రింద హెక్సేను, అసిటోనుల మిశ్రమము కాగి ఆవిరియై, పైన చల్లబడి, చుక్కచుక్కగా బురదపై పడి, నిండగానే మరల క్రిందికి జారును. 16 గంటలకు తగ్గకుండ ఇట్లు తిరుగుచునే యుండును. పిమ్మట బురదలోని గంధకమును రాగిపొడితో పోగొట్టి, ద్రావకమును ఇగిర్చి, చుక్కలో స్వల్పాంశమును వాయు క్రొమటోగ్రాఫున వేయుదురు. సన్నని పొడవైన గొట్టమునుండి ఒక్కొక్క మందు ఒక్కొక్క వేళకు వెలువడును. చివరనుండు ఎలక్ట్రాను గ్రాహకమును 1957లో జేమ్స్ లవ్‌లాక్ అను ఆంగ్లేయుడు నిర్మించెను. క్లోరినుగల అణువులు ఎలక్ట్రానులను పట్టుకొనగా విద్యుత్తు తగ్గును. ఆ తగ్గుదల పటముపై శిఖరమగును. వచ్చిన వేళ మందు పేరును, శిఖరపు వైశాల్యము దాని పరిమాణమును చెప్పును. రెండు మందులు ఒకే వేళకు రావచ్చును గనుక ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరు సాక్ష్యము కూడ తీసికొందురు.

లెక్కలవాడనగుటచే నాకు నచ్చిన పద్ధతి మరియొకటి. తెలిసిన మోతాదు మందును తామే కలిపి, 100 పాళ్లకు ఎన్ని తిరిగివచ్చెనో చూచుకొందురు. సాధారణముగా 70కి తగ్గినచో తమ లెక్కను తామే నమ్మరు. మనలో ఎందరమిట్లు చేయుదుము!

పద్దు తేదీయు కొంత తెలియును. డి.డి.టి. కాలక్రమమున గాలి తగులు మట్టిలో డి.డి.ఇ.గాను, గాలి చొరని బురదలో డి.డి.డి.గాను మారును. ఈ రూపములు హెచ్చైనచో విషము పాతది, అసలు డి.డి.టి.యే హెచ్చైనచో ఇటీవల చేరినదని అనుమానింపవలెను. పైరులపై దాని వాడుక మనదేశమున 1989లో నిషేధింపబడినది గదా.

తూము నొద్ద, మురుగుకాలువ దిగుచోట, మందుడబ్బాలు కడుగు రేవున బురద తీయుటకు రేపు తెల్లవారగనే పోవుచున్నాను. ఈసారి గాజుసీసాలే తెచ్చితిని. తెప్ప నడుపగలవారు ఇద్దరు తోడు రావలెనని ప్రార్థన. ఫలితము వచ్చువరకు పూడిక బండ్లు కట్టవలదని పెద్దలను వేడుచున్నాను.