కడలి అడుగున ఇండ్లు కట్టు వృత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును వెలిగించుచున్న గ్రంథాలయపు రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పు అవకాశము లభించినందులకు కృతజ్ఞుడను. యువతీయువకులకు ఉపకరించు ఒక క్రొత్త వృత్తిని గూర్చి చెప్పవలసినదిగా కార్యవర్గమువారు కోరిరి. సముద్రగర్భమున కృత్రిమ దిబ్బలు నిర్మించు పనిని గూర్చి చెప్పదలచితిని.

చెరువులో ఒక తుమ్మకంప మునిగియున్నచో దాని చుట్టును చేపలు చేరుట మీరెల్లరు ఎరిగినదే. సముద్రమునందును అంతే. అడుగంతయు చదునైన ఇసుకగా నున్నచోట చేపకు దాగుటకు చోటు లేదు. గ్రుడ్లు అంటించుటకు ఆధారము లేదు. అచట రంధ్రములు గల కాంక్రీటు దిమ్మెలను దింపినచో, కొలది దినములలోనే వానిపై కంటికి కానరాని సూక్ష్మజీవుల పొర ఏర్పడును. పిదప నాచు పట్టును. గుల్లలు, ఆల్చిప్పలు అంటుకొనును. ఆ మేతకై చిన్నచేపలును, చిన్నచేపలకై పెద్దచేపలును వచ్చును. దీనినే కృత్రిమ దిబ్బ యందురు.

ఈ యూహ క్రొత్తది కాదు. జపాను మత్స్యకారులు శతాబ్దముల క్రిందటనే తీరమున రాళ్లు ముంచిరి. 1974లో ఆ దేశము తీరమందలి మత్స్యక్షేత్రముల అభివృద్ధికై ప్రత్యేక శాసనమునే చేసెను. మన దేశమున కేరళ దక్షిణ తీరపు మత్స్యకారులు కొబ్బరిమట్టలు, రాళ్లు ముంచి చేపలను చేరదీయుట పూర్వాచారము. ఆ తీరముననే, 2023లో, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద విళింజమువద్ద పెద్ద పని యొకటి ఆరంభమయ్యెను. తిరువనంతపురము జిల్లాలో 42 చోట్ల, చోటికి 150 చొప్పున, 6300 దిమ్మెలను దింపుటకు సంకల్పించిరి. కొన్ని త్రికోణాకృతివి, కొన్ని పూవు ఆకృతివి, కొన్ని బావి వరల వంటివి.

అయితే చేతికందిన వస్తువును సముద్రములో పడవేయుట దిబ్బ కట్టుట కాదు. ఈ వృత్తికి ప్రాణము వంటి విషయమిది. అమెరికాలో ఫ్లోరిడా తీరమున, ఫోర్ట్ లాడర్‌డేల్ వద్ద, 1972లో మంచి యుద్దేశముతోనే ఇంచుమించు 20 లక్షల పాత మోటారు టైర్లను కట్టలుగా కట్టి ముంచిరి. ఉప్పునీటిలో కట్లు తెగెను. తుపానులకు టైర్లు కొట్టుకొనిపోయి, సమీపమున సహజముగా పెరిగిన పగడములను రాచి నాశనము చేసెను. 2007 మొదలు సైనిక గజ ఈతగాండ్రు దిగి వానిని పైకి తీయవలసివచ్చెను. ముంచుట సులభము, తీయుట దుర్లభము.

ఇందుకు భిన్నముగా, అదే ఫ్లోరిడాలో పెన్సకోలా వద్ద 2006లో ఒరిస్కనీ యను విమానవాహక నౌకను దిబ్బగా మార్చిరి. ముందుగా నూనెలను, కాలుష్య పదార్థములను తొలగించు పనికి, దానిని పరిశీలించి అనుమతులు పొందుటకు చాలకాలము పట్టెను. నౌక మునుగుటకు పట్టినది 37 నిమిషములు మాత్రమే! ఈ వృత్తిలో శ్రమ యంతయు ముంచుటకు ముందును, ముంచిన తరువాతను గలదని దీనివలన తెలియును.

ముందు చేయవలసినదేమి? అడుగు బురదయైనచో దిమ్మె కూరుకొనిపోవును. గట్టి యిసుక కావలెను. ఓడల దారి కారాదు. సజీవమైన పగడములపై దింపరాదు. ఈ సంగతులను శాస్త్రజ్ఞుడు పరికరములతో కొలుచును. ప్రవాహమును, వల చిక్కుచోటును తరతరములుగా ఎరిగిన మత్స్యకారుడు నోటితో చెప్పును. ఇరువురి మాటయు కలిసినపుడే చోటు కుదురును. ఆపై ఇంజనీరు ఆకృతి గీయును, తాపీపనివారు పోతపోయుదురు, క్రేనుతో మెల్లగా దింపుదురు. తరువాత గజ ఈతగాడు ఏటేట దిగి ఏ జీవులు చేరెనో లెక్కించును. ఇది ప్రమాదము లేని పని కాదు. లోతునుండి తొందరపడి పైకి వచ్చినచో రక్తములో కరగిన నత్రజని బుడగలై దేహమును కుదేలు చేయును. కావున శిక్షణ లేనివాడు దిగరాదు.

ఇక ఒక చిక్కు ప్రశ్న. దిబ్బ చేపలను వృద్ధిచేయునా, లేక చెల్లాచెదరుగా నున్నవానిని ఒకచోటికి పిలుచునా? ఈ చర్చ శాస్త్రజ్ఞులలో నేటికిని ముగియలేదు. పిలుచుట మాత్రమే యైనచో, దానిపై అందరును వలలు విసరిన నాడు ఉన్నవి కూడ త్వరలో అయిపోవును. కావున ఎవరు, ఏ వలతో, ఎప్పుడు పట్టవలెనో ఊరివారు ముందే కట్టుబాటు చేసికొనవలెను. కట్టుబాటున్నచో లాభము గొప్పది: అడుగును ఊడ్చుకొనిపోవు ట్రాలు వలలు చిరుగునన్న భయముతో మరపడవలు దిబ్బ దాపునకు రావు, చిన్న తెప్పవాని గాలమునకు చోటు మిగులును.

దిబ్బలు చేపలకే కాక నేలకును రక్షణ యగును. తమిళనాడున తూత్తుకుడి చెంతనున్న వాన్ దీవి అలల కోతకు నానాటికి క్షీణించుచుండగా, 2015 మొదలు దాని చుట్టును రంధ్రములు గల కాంక్రీటు దిమ్మెలను వరుసగా దింపి అలల వేగమును తగ్గించిరి.

"దిబ్బలు కట్టువాడు" అను పేరుతో ఉద్యోగ ప్రకటన వెలువడుట అరుదు. మత్స్యశాఖలు, పరిశోధన సంస్థలు, తీరరక్షణ పనులు చేయు సంస్థలు ఇట్టివారిని వేరు వేరు పేర్లతో తీసికొనును. నెల్లూరు జిల్లా ముత్తుకూరున మత్స్య విజ్ఞాన కళాశాల కలదు. విశాఖపట్నమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సముద్రజీవ శాస్త్రము బోధింతురు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రమును అచటనే యున్నది. జీవశాస్త్రము రుచించువారికి ఒక ద్వారము, సివిల్ ఇంజనీరింగు చదివినవారికి ఒక ద్వారము, ఈత నేర్చి ధైర్యము గలవారికి మరియొక ద్వారము తెరచియున్నవి. ఆడపిల్లలకు ఏ ద్వారమును మూసియుండలేదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఈ మార్గమును కోరినచో వారింపకుడు, తొందరపెట్టకుడు. యువకులారా! ఇందులో కట్టినది పదిమందికి కనబడదు; ఫలితము మరునాడు రాదు. కాని చక్కగా కట్టిన దిబ్బ ఎన్నియో ఏండ్లు నిలిచి, ఎవరికో అన్నము పెట్టును. చెడుగా కట్టినది అన్ని యేండ్లును చెరుపు చేయును. ఈ బాధ్యత నెరిగినవాడే ఈ పనికి తగినవాడు.