క్షయ రోగి మంచం ఇంట్లోనే ఉండాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. రెండేళ్ల కిందట మా తరగతిలో ఒక అబ్బాయి నెల రోజులు బడికి రాలేదు. ఇంటికి వెళ్తే తెలిసింది, వాళ్ల నాన్నకు టీబీ అని. ఆయన మంచం పశువుల పాకలో వేశారు. పళ్లెం వేరు, గ్లాసు వేరు. రెండు నెలలు మందు మింగి, దగ్గు తగ్గగానే మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. ఆయన బదులు అబ్బాయి కూలికి వెళ్తున్నాడు.

ఊపిరితిత్తుల శాస్త్రం మనకు పరాయిది కాదు. గుండె కుడివైపు నుంచి రక్తం ఊపిరితిత్తుల గుండా ఎడమవైపుకు చేరుతుందని 13వ శతాబ్దంలోనే రాసినవారు ఇబ్న్ అల్ నఫీస్. డమాస్కస్‌లో చదువుకుని కైరోలో వైద్యం చేశారు.

మన రాష్ట్రంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అప్పట్లో ఇవే చికిత్స. తర్వాత మందులు వచ్చాయి. కానీ పేదవాడు ఏడాది పాటు ఆసుపత్రిలో ఉండగలడా? దీనికి జవాబు కోసం 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. 193 మంది రోగుల్లో దాదాపు సగం మందిని శానిటోరియంలో ఉంచారు, మిగతావారికి ఇంట్లోనే అవే మందులిచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికి తిండీ విశ్రాంతీ తక్కువే, అయినా ఇంచుమించు అంత బాగానూ కోలుకున్నారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంటిల్లిపాదికీ జబ్బు ఎక్కువ కాలేదు. అంటుకోవడం చాలావరకు మందు మొదలవక ముందే జరుగుతుంది. అదీ దగ్గినప్పుడు గాలిలోంచి, గ్లాసులోంచి కాదు.

మామూలు టీబీకి ఇప్పుడు ఆరు నెలల మందు చాలు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. కానీ మూడో నెలలో ఒంట్లో బాగుంటుంది, ఇంట్లో బియ్యం ఉండవు. మనిషి మందు వదిలి పనికి పోయేది అప్పుడే. మన సంఘం అవసరం అక్కడే ఉంది.

నా మనవి రెండే. మన సదఖా నిధిలోంచి ప్రతి టీబీ ఇంటికి ఆరు నెలలు బియ్యం, పప్పు, గుడ్లు ఇద్దాం. కోయవారా, కొండరెడ్లా, మనవాళ్లా అని అడగొద్దు. వారానికొకసారి ఒకరు వెళ్లి, మాత్రలు మింగుతున్నారో లేదో చూసి, ఆ ఇంట్లో టీ తాగి రావాలి. ఆ టీ గ్లాసు నా ఉపన్యాసం కంటే ఎక్కువ చెబుతుంది.

ఆ తండ్రి మళ్లీ మందు మొదలుపెట్టి పూర్తిచేశాడు. అబ్బాయి మాత్రం పదో తరగతి ఒక ఏడాది వెనక రాశాడు. ఇంకో పిల్లవాడికి ఆ ఏడాది పోకుండా చూసే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.